నాలుగు చుక్కల గార్డు

అనంతపురం బైపాసులో లారీ షెడ్లు వరసగా ఉండే చోట, అబ్దుల్ గఫూర్ వెల్డింగ్ షెడ్డు యాడ అంటే చెప్పలేని డ్రైవరు లేడు. ఏదో గొప్ప పనిమంతుడనే పేరుండాదనుకునేరు, అదేం కాదు. ఎఫ్‌సికి, అంటే ఏడాదికోసారి బండిని చూసి ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, ముందురోజు లారీ వెనక గార్డు బిగించేది ఆయనే, ఎఫ్‌సి అయిన మర్నాడు దాన్ని ఊడబెరికేదీ ఆయనే. ఊర్లో ఇంకా నలుగురు వెల్డర్లు ఉండారు గానీ, ఈ కట్టడం, పెరకడం రెండూ గఫూర్ చేసినంత చులాగ్గా ఎవరూ చేయలేరు.

లారీకి వెనక, నేలకు రెండడుగుల లోపల, అడ్డంగా ఒక ఇనుప దూలం ఉండాలని రూలు. వెనక నుంచి మోటార్ సైకిలో, కారో వచ్చి గుద్దితే లారీ కిందికి దూరిపోకుండా అది ఆపాల. అది లేకపోతే బండి కిందికి పోతాది, మనిషి తలకాయ మాత్రం పైనుండే లారీ బాడీకి తగులుతాది. ఇంతే ముచ్చట. ఇది ఓనర్లకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, గఫూర్‌కు అందరికంటే బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? కంకర టిప్పరు వెనక్కి పోయి బాడీ ఎత్తిందంటే గార్డు పోయి కంకర కుప్పలో దిగబడతాది. క్వారీలో గుంటలు మిట్టలు ఎక్కి దిగేటప్పుడు బండకు తట్టుకుంటాది. ఆ గార్డుతో డ్రైవరుకు తల ప్రాణం తోకకు వస్తాది. అందుకని ఏడాదికి ఒక్కరోజు, ఎఫ్‌సి రోజు, లారీలన్నీ బుద్ధిగా గార్డు పెట్టుకొని పోయి నిలబడతాయి. మర్నాడు మళ్ళీ మామూలే.

ఇట్లా పదేండ్లుగా ఈ పని ఒక పద్ధతిలో పడిపోయింది. గఫూర్ గార్డును ఛాసీకి ఆనించి, ఆ పక్క రెండు, ఈ పక్క రెండు, నాలుగు చుక్కలు పెడతాడు. చుక్క అంటే మండే రాడ్డును అట్లా తగిలించి ఇట్లా తీయడం. కరిగిన ఇనుము శెనగ్గింజంత అతుక్కుంటాది. పూర్తిగా కుట్టు వేయడు. కుట్టు వేస్తే మళ్ళీ గ్యాసుతో కోయాల, ఛాసీ పాడైతాది, ఓనరు గొణుగుతాడు. చుక్కలైతే ఒక్క సుత్తి దెబ్బ, అంతే. పైన నల్లరంగు పూసి, ఎరుపూ తెలుపూ రేడియం స్టిక్కరు అంటిస్తే కంపెనీలో తయారైన దానికంటే బాగుంటాది. దాన్ని ఎఫ్‌సి గార్డు అనే అంటారు. ఎవరూ దాచుకోరు, ఎవరూ గట్టిగా చెప్పుకోరు.

గఫూర్‌కు అరవై ఒకటి. వెల్డింగ్ వెలుగు చూసి చూసి కండ్లు పొద్దన లేస్తానే ఇసుక పోసినట్ల మంట పుడతాయి. మోకాళ్ళు వంగవు. కూర్చుంటే లేయలేడు, లేస్తే కూర్చోలేడు. కొడుకు అతావుల్లా బళ్ళారిలో ఏసీలు బాగుచేసే పని చూసుకున్నాడు. షెడ్డు మూసి రా నాయనా అని వాడు అంటాడు, రేపు చూద్దాంలే అని ఈయన అంటాడు. ఆ రేపు ఎప్పుడు వస్తాదో ఈయనకే తెలీదు. చేసే పని మీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు. పొద్దన షట్టరు ఎత్తడం, సాయంత్రం దించడం, మధ్యలో చుక్కలు పెట్టడం, చుక్కలు కొట్టడం.

సోమవారం నాడు ఓబులేష్ వచ్చినాడు. నల్లమాడ దిక్కు మనిషి, నలభై ఉంటాయి. ఆరు చక్రాల పాత లారీ ఒకటి సొంతంగా పెట్టుకొని తానే తోలుకుంటాడు, చీనీకాయలు, అదే బత్తాయిలు, టమేటాలు వేసుకొని మద్రాసుకూ బెంగళూరుకూ పోతాడు. నోట్లో నాలుక లేని మనిషి. లారీ నిలబెట్టి, దిగి, వెనక్కి వచ్చి నిలబడినాడు.

"ఎఫ్‌సి ఎప్పుడప్పా?" అన్నాడు గఫూర్.

"రేపన్నా."

అంతే, ఇంక ఏమీ అడగలేదు గఫూర్. రేపు ఎఫ్‌సి అన్నాక అడిగేదేముండాది? గార్డు తెచ్చి ఆనించినాడు. ఓబులేష్ పక్కన గొంతు కూర్చొని, "గట్టిగా కొట్టన్నా" అన్నాడు. ఆ మాట అందరూ అంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బూటుతో తన్ని చూస్తాడేమోనని వాళ్ళ భయం. "నువ్వు పోయి టీ తాగిరాపో" అన్నాడు గఫూర్. ఓబులేష్ టీ తాగి వచ్చేసరికి నాలుగు చుక్కలు పడినాయి, రంగు పడింది, స్టిక్కరు పడింది. ఓబులేష్ బేరమాడలేదు. చెప్పినంతా ఇచ్చి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి పోయినాడు. ఎఫ్‌సి గార్డుకు దండం పెట్టినవాణ్ణి గఫూర్ ఆ పొద్దే చూసినాడు. అప్పుడన్నా అనుమానం రావాల్సింది. రాలేదు. ఎండ అట్లుండె, మోకాళ్ళు అట్లుండె, వెనక ఇంకో రెండు టిప్పర్లు హారన్ కొడతాండె.

మంగళవారం ఎఫ్‌సి అయింది. బుధవారం ఓబులేష్ రాలేదు, గురువారమూ రాలేదు. ఇంకెవరితోనో తీపించుకున్నాడేమో అనుకున్నాడు గఫూర్.

శుక్రవారం పొద్దన పదకొండప్పుడు రామాంజులు వచ్చినాడు. వాడొక లారీ డ్రైవరు, ఊరందరి సంగతులూ వానికే కావాల. సైలెన్సరు పట్టీ విరిగితే అతికించమని, స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"గఫూరన్నా, ఓబులేషు ఆ గార్డు తీపించడంట."

"అదేం?"

"ఉంచుకుంటాడంట. వాని తమ్ముడు దేవేంద్ర పోయె గదా. కొత్తచెరువు రోడ్డులో టిప్పరు నిలబెట్టింటే, వెనక నుంచి మోటార్ సైకిలుతో పోయి దూరినాడు. సీటు దాకా కిందికి పోయిందంట బండి. ఆ టిప్పరుకు వెనక ఏమీ లేదు. అప్పట్నుంచి వీనికి అదే రంది. నా లారీ వెనక ఎవరూ అట్లా పోకూడదు అని పట్టుపట్టి కట్టించినాడు."

గఫూర్ చేతిలో రాడ్డు ఆగింది.

"స్టాండులో అందరికీ చెప్తాండాడు," అని రామాంజులు నవ్వినాడు. "గఫూరన్న కట్టినాడు, ఏనుగొచ్చి గుద్దినా కదలదు అంటాడు. తమ్ముని పెండ్లాం కదిరమ్మను పిలుచుకొచ్చి చూపించినాడంట. ఆయమ్మ రెండు చేతులా పట్టుకొని ఊపి చూసి, గట్టిగా ఉండాది లే బావా అనిందంట. మేము నవ్వుకున్నాం. సొంత లారీకి వానికిదే మొదటి ఎఫ్‌సి, నాలుగు చుక్కలని వానికి ఎవరు చెప్పాల?"

"మీరు చెప్పలేదా?"

"మాకెందుకన్నా? నీ షెడ్డు పేరు చెడగొట్టినట్ల ఐతాది."

గఫూర్ కండ్లద్దాలు తీసి గుడ్డతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీసినాడు. ఓబులేష్‌కు ఫోను కొట్టినాడు. పలకలేదు. తోటల్లో సిగ్నల్ యాడుంటాదన్నా, ఈ పొద్దు బెళుగుప్ప కాడ చీనీతోటలో లోడు, సాయంత్రం మద్రాసుకు పోతాడు అన్నాడు రామాంజులు. మద్రాసు దాకా ఆ నాలుగు చుక్కలూ మోసుకుంటా పోతాడు వాడు. వెనకొచ్చే ప్రతివాడూ ఆ ఎరుపూ తెలుపూ చూసి నమ్ముతాడు.

సైలెన్సరు పట్టీ సగంలో వదిలేసి, షట్టరు దించి, వెనకనే ఉండే ఇంటికి పోయినాడు. జుబేదాబీ బియ్యం ఏరుకుంటాండాది.

"నమాజుకు ఇంత ముందే వచ్చినావే?"

"నమాజుకు కాదు. బెళుగుప్పకు."

ఆమె చాట పక్కన పెట్టింది. నలభై ఏండ్ల కాపురంలో ఈ మనిషి శుక్రవారం నమాజు తప్పింది ఒక్క టైఫాయిడ్ వచ్చినప్పుడే. ఏమైందని అడిగితే చెప్పినాడు. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేదు, చెప్పుల పట్టీ సరిచేసుకుంటా చెప్పినాడు.

"ఇన్నిటికి కట్టినావు," అనింది జుబేదాబీ, "ఎప్పుడూ ఎవరెనకా పోలేదే?"

"వాళ్ళందరికీ తెలుసు గదా అది ఉత్తదని. వీనికి తెలీదు."

"వెనక నుంచి వచ్చి గుద్దేవానికి యాడ తెలుసు?"

పదేండ్లుగా తనకు తాను చెప్పుకుంటా వచ్చిన సమాధానం అదొక్కటే, బండి తోలేవానికి తెలుసులే అని. దాన్ని ఆమె బియ్యంలో రాయి ఏరి పారేసినంత సులువుగా తీసి పారేసింది. సీసాలో నీళ్ళు పట్టిచ్చి, తలకు తువ్వాలు కట్టుకోమని చెప్పి, మళ్ళీ చాట తీసుకుంది.

ఎక్సెల్ మోపెడు మీద బెళుగుప్పకు పోవడమంటే అరవై ఏండ్లు దాటినవాడు చేయాల్సిన పని కాదు. నడుము విరిగిపోతాది. దోవ పొడుగూతా అడ్డం లేని గాలి, మొలవని శెనక్కాయ చేన్లు, దూరంగా గుట్టల మీద గాలిమరలు. వాన రావాల్సిన నెల ఇది. మబ్బు వస్తాది, చూస్తాది, పోతాది. మనిషికి ఏడవాలనిపిస్తే తడి కూడా మిగలనంత పొడి గాలి. గఫూర్ దోవలో రెండుసార్లు ఆగి నీళ్ళు తాగినాడు, మోకాళ్ళు ఒత్తుకున్నాడు.

పోతాపోతా ఆయన ఇంతకు ముందు ఎప్పుడూ చేయని పని ఒకటి చేసినాడు. ముందు పోతాండే లారీల వెనక భాగం చూసినాడు. ఆయన కట్టేది, తీసేది అక్కడే అయినా, రోడ్డు మీద నడిచే లారీ వెనక ఎట్లుంటాదో ఏ పొద్దూ చూడలేదు. ఒక ఇసుక టిప్పరు పోతాండాది. వెనకంతా బోసిగా, చక్రాలు తిరిగేది కనపడతాండాది. ఛాసీ కొనల్లో నల్లగా కాలిన మచ్చలు, ఆ పక్క రెండు, ఈ పక్క రెండు. తన చేతి పనే. ఎక్సెల్ బండి తోలుకుంటా ఆ ఖాళీకి ఎదురుగా పోతాంటే మెడ దానికదే వెనక్కి ముడుచుకుంది. వేగం తగ్గించి ఆ టిప్పరును ముందుకు పోనిచ్చినాడు. కొంచెం దూరం పోయినాక ఇంకొకటి తగిలింది, దాని వెనకా అవే మచ్చలు.

ఓబులేష్‌కు ఏం చెప్పాల్నో దోవంతా అల్లుకున్నాడు. నిజం చెప్పాలని పోతాండాడనుకునేరు, కాదు. అంత ధైర్యం ఆయనకు లేదు. ఈ తూరి రాడ్లు మంచివి రాలేదప్పా, అనుమానంగా ఉండాది, షెడ్డుకు రా, ఇంకో కుట్టు వేసిస్తా అని చెప్పాలని. అట్లా చెప్తే గార్డు గట్టిపడతాది, షెడ్డు పరువూ నిలుస్తాది. అబద్ధమే, కానీ పనికొచ్చే అబద్ధం. దాన్ని నాలుగైదుసార్లు నోట్లో తిప్పుకున్నాడు.

బెళుగుప్ప ఇంకా కొంచెం దూరం ఉండంగానే రోడ్డు పక్కన లారీలు వరసగా నిలబడి కనపడినాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెకింగు. ఆ వరసలో మూడోది ఓబులేష్ లారీ, చీనీకాయల గంపలు నిండుగా పేర్చి పైన పట్ట కట్టిండాది.

ఇన్‌స్పెక్టరు ఆడమనిషి, పుష్పావతి మేడం. ముప్పై అయిదు దాటవు గానీ ముఖంలో యాభై ఏండ్ల అలుపు. వెనక గార్డుల మీద వారం రోజుల డ్రైవ్ పెట్టి, రోజుకు ఇన్ని బండ్లు చూడాలని పైనుంచి ఆర్డరు. పొద్దన ఎనిమిదికి నిలబడిన మనిషి, జీపు నీడ ఎటు జరిగితే అటు జరుగుతా చలాన్లు రాస్తాండాది. హోంగార్డు తిప్పయ్య టేపు పట్టుకొని ఒక్కో లారీ వెనక వంగి, నేల నుంచి గార్డు దాకా కొలిచి నంబరు అరుస్తాడు. ఆమె మిషన్‌లో కొట్టి, ఫోటో తీసుకుంటాది. గార్డు ఉండాదా, ఎత్తు సరిపోయిందా, స్టిక్కరు ఉండాదా, మూడే ప్రశ్నలు. ఊడుతాదా ఊడదా అనే ప్రశ్న ఆ మిషన్‌లో లేదు. ఉన్నా లారీని ఎవరు పెరికి చూస్తారు?

ముందు నిలబడిన రెండు టిప్పర్లకూ గార్డుల్లేవు. అందులో ఒకదాని డ్రైవరు ఎర్రిస్వామి. వాని గార్డును గఫూరే వారం కిందట సుత్తితో కొట్టి తీసినాడు. వాడు గఫూర్‌ను చూసి, ఈడికెందుకొచ్చినావు అన్నట్ల కనుబొమ్మలు ఎగరేసినాడు.

ఓబులేష్ అయితే చూడంగానే ముఖం నిండా నవ్వినాడు. ఆ మనిషికి నవ్వడం వచ్చునని గఫూర్‌కు అప్పుడే తెలిసింది.

"మేడం, నేను చెప్తాంటినే, కట్టింది ఈయనే. గఫూరన్న."

మేడం తల ఎత్తి చూసింది. "మీరేనా? ఈ పొద్దు నేను చూసిన వాటిలో సరైన గార్డు ఇదొక్కటే. ఫోటో తీసి మా ఆఫీసు గ్రూపులో కూడా పెట్టినాను, ఇట్లుండాల అని." ఎర్రిస్వామి దిక్కు తిరిగింది. "చూసి నేర్చుకోండప్పా. ఈయన షెడ్డు యాడుందో కనుక్కొని పోయి కట్టించుకోండి."

ఎర్రిస్వామి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగి ఉమ్మేసినాడు. గఫూర్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆయన్ను మెచ్చుకుని ఎన్నేండ్లయిందో. ఒక గవర్నమెంటు మనిషి నలుగురిలో నిలబెట్టి మెచ్చుకోవడం అయితే బతుకులో ఇదే. చేయని పనికి అది దొరికింది. నిలబడిన చోటే భూమిలోకి పోతే బాగుండు అనిపించింది.

ఓబులేష్‌ను రెక్క పట్టుకొని పక్కకు తీసుకుపోయినాడు.

"అప్పా, ఈ తూరి రాడ్లు మంచివి రాలేదు. నాకు అనుమానంగా ఉండాది. ఒక గంట పని, షెడ్డుకు రా, ఇంకో కుట్టు వేసిస్తా."

"దాని కోసం ఇంత దూరం ఎండలో వచ్చినావా అన్నా?" ఓబులేష్ గొంతు మెత్తబడింది. "నాలుగు దినాల్లో మద్రాసు నుంచి తిరిగొస్తా. నేరుగా నీ దగ్గరికే వస్తా. ఇప్పుడు షెడ్డు కాడ నిలబడితే తెల్లారి మార్కెట్టు తప్పుతాది, కాయ మెత్తబడతాది."

"ఇప్పుడే రా."

"ఏం కాదులే అన్నా. మా కదిరమ్మ ఊపి చూసింది. నేను చూసినా. కదల్లేదు."

మేడం కాగితం చేతికిచ్చింది, పో అనింది. ఓబులేష్ క్యాబిన్ ఎక్కి ఇంజను స్టార్టు చేసినాడు. ఎర్రిస్వామి గఫూర్ పక్కకు వచ్చి, పెదాలు కదపకుండా, "సాయబూ, నోరు మూసుకొని ఇంటికి పో. నువ్వు నోరు తెరిస్తే మా అందరి కూడు పోతాది, నీదీ పోతాది" అన్నాడు. వాడు చెప్పింది తప్పని కాదు. అంతా నిజమే. గఫూర్‌కు అలుపు వచ్చింది. రోడ్డుది కాదు, ఎండది కాదు. ఇన్నేండ్లూ ప్రతి మనిషికీ కొంచెం కొంచెం నిజం దాచి పెట్టిన అలుపు. ఇంకొక్క అబద్ధం మోయాలన్నా భుజం ఒప్పుకోలేదు.

లారీ ముందుకు పోయి నిలబడినాడు. "దిగు" అన్నాడు.

ఓబులేష్ ఇంజను ఆపి దిగినాడు. గఫూర్ సీటు వెనక చెయ్యి పెట్టి జాకీ రాడ్డు లాక్కున్నాడు. లారీ వెనక్కి పోయినాడు. తిప్పయ్య టేపు పట్టుకొని అక్కడే ఉండాడు. మేడం, "ఏం చేస్తాండారు?" అనింది. గఫూర్ గార్డుకు కుడిపక్క, ఛాసీని అంటుకున్న చోట, పై నుంచి కిందికి ఒక్క దెబ్బ వేసినాడు. పెద్ద దెబ్బ కూడా కాదు, అరవై ఏండ్లవాని దెబ్బ. కుడిపక్క ఊడి వేలాడింది. ఆ బరువుకు ఎడమపక్కా దానికదే పుటుక్కుమని తెగింది. గార్డు మొత్తం తారు మీద పడి, ఒకసారి దొర్లి, తిప్పయ్య కాళ్ళ దగ్గర ఆగింది.

వెనక లారీలో ఎవరో పెట్టిన పాట వినపడతాండాది, వాడు దాన్ని ఆపేసినాడు.

పుష్పావతి మేడం వంగి గార్డు కొన చూసింది. నల్లరంగు కింద రెండు చోట్ల శెనగ్గింజంత తెల్లటి ఇనుము మెరుస్తాండాది. మిగతా అంతా రంగే.

"ఇదేంది?"

"చుక్కలు మేడం. పూర్తి కుట్టు కాదు."

"ఎందుకట్ల?"

"మర్నాడు తీసేదానికి. అందరిదీ అట్లే కడతాను. ఎఫ్‌సికి కట్టి, మర్నాడు తీస్తాను. ఈయన తీపించుకోడని నాకు తెలీదు. అడగలేదు. అడిగే అలవాటు లేదు."

మేడం జీపు మెట్టు మీద కూర్చుండి పోయింది. గ్రూపులో పెట్టిన ఫోటో తీసేద్దామని ఫోను తీసి చూసింది. దాని కింద అప్పటికే పై ఆఫీసరు బాగుందని పెట్టిండాడు. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకొని మిషన్ చేతిలోకి తీసుకుంది.

"మీ షెడ్డు అడ్రసు రాసివ్వండి. నోటీసు వస్తాది," అనింది. "ఈ లారీని గార్డు లేకుండా పోనిచ్చేదానికి లేదు. చలాను రాయాల."

"నా పేరు మీద రాసుకోండి మేడం."

"బండి నంబరు కొడితే ఓనరు పేరు వస్తాది, డ్రైవరు పేరు నేను ఎక్కిస్తాను. వెల్డరు పేరుకు ఇందులో చోటు లేదు."

పొద్దన్నుంచీ ఆ రోడ్డు మీద గార్డు మనసారా కట్టించుకున్నవాడు ఓబులేష్ ఒక్కడే. వానికీ ఎర్రిస్వామికీ ఒకే తీరు చలాను వచ్చింది. ఓబులేష్ దాన్ని తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిట్టింటే బాగుండు. చొక్కా పట్టుకొని రెండు పీకింటే ఇంకా బాగుండు. గార్డును రెండు చేతులా ఎత్తి, పైన చీనీగంపల పక్కన పెట్టినాడు, తాడు వేసి కట్టినాడు. అదంతా అయినాక గఫూర్ ముందుకు వచ్చి నిలబడినాడు.

"నాకైతే మార్కెట్టు తప్పితే ఈ లోడు పోతాది అంతే, ఇంకోటి ఎత్తుకుంటా," అన్నాడు. "కదిరమ్మకు ఏం చెప్పాల అన్నా? సోమవారం నుంచి ఆ పిల్ల రాత్రి కొంచెం నిద్రపోతాండాది. నా నోటితో నేను చెప్పలేను."

ఫోను తీసి నంబరు కొట్టినాడు. "అమ్మా కదిరమ్మా, మన గార్డు కట్టిన గఫూరన్న ఉండాడు ఈడ. ఏదో చెప్తాడంట," అని ఫోను గఫూర్ చేతిలో పెట్టినాడు.

గఫూర్ చెవికి పెట్టుకున్నాడు. అటు పక్క మేకల అరుపులు, ఎవరో ఆడవాళ్ళ మాటలు. ఆ పిల్ల మేపేచోట ఉన్నట్లుండాది. చెప్పండన్నా అనింది. గార్డు కట్టినందుకు మేలు అని కూడా అనింది, ఆయన నోరు తెరిచేలోపలే.

చెప్పినాడు. రాడ్లు మంచివి కావని చెప్పలేదు. నాలుగు చుక్కల సంగతి, ఎందుకు పెడతాడో ఆ సంగతి, నువ్వు ఊపి చూసినప్పుడు కదలకుండా ఉండటానికి అది చాలనీ, మనిషి గుద్దితే ఆగడానికి అది చాలదనీ, ఇప్పుడే కొట్టి పడేసినాననీ, ఒక్కటీ వదలకుండా చెప్పినాడు. ఎర్రిస్వామి, తిప్పయ్య, మేడం అందరూ వింటాండారు. వినుకోనీలే అనుకున్నాడు.

అటు పక్క ఆ పిల్ల మేకలను అదిలించేది వినపడింది.

"అన్నా," అనింది కదిరమ్మ. ఏడుస్తాదేమో అనుకున్నాడు, ఏడవలేదు. "మా ఇంటాయన గుద్ది పోయిన టిప్పరుకు ఎఫ్‌సి అయి ఆరు దినాలేనంట. పోలీసోళ్ళ కాగితంలో ఎఫ్‌సి చూసి వెనక గార్డు ఉండాదని రాసిండ్రి. నేను పోయి చూసినా, లేదు. కాగితంలో ఉండేది బండికి ఎట్ల లేకుండా పోతాదని అందరినీ అడిగినా. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్తివి."

గఫూర్ ఎక్సెల్ బండి సీటు పట్టుకున్నాడు.

"దానికి కట్టింది, తీసింది గూడా నువ్వేనా?"

ఎన్ని టిప్పర్లు వచ్చినాయో, ఎన్ని పోయినాయో. లారీ కిందికి పడుకున్నవానికి కనపడేది ఛాసీ, గ్రీజు, మట్టి. ఏ బండి యాడ తిరిగిందో, దాని వెనక ఎవరు వచ్చినారో ఆయన ఏనాడు కనుక్కున్నాడు గనక?

"తెలీదమ్మా," అన్నాడు. "నేనే అయ్యుండచ్చు."

"దాని నంబరు చెప్తా, గుర్తు చేసుకో."

ఆమె చెప్పింది. చూసి చదివినట్ల కాదు, పిల్లలు ఎక్కం ఒప్పజెప్పినట్ల తడుముకోకుండా చెప్పింది. గఫూర్ కండ్లు మూసుకొని విన్నాడు. గుర్తుకు రాలేదు. ఇంకోసారి చెప్పమ్మా అన్నాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి, నిదానంగా, ఒక్కొక్కటే చెప్పింది.